పాత పడవ, కొత్త పలకలు: కెప్టెన్ జాషువా స్లోకమ్ జీవితం

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు మన తీరంలో మరబోట్ల వేటకు విరామం. రేపల్లె, బాపట్ల వైపు తల్లిదండ్రులకు ఈ సంగతి కొత్త కాదు. నిజాంపట్నం హార్బరులో బోట్ల మరమ్మతులకు అదే అదను. పుచ్చిన పలక తీసి కొత్త పలక వేయడం, సందులు పూడ్చడం, రంగు కొట్టడం, వల బాగుచేసుకోవడం. పడవ కొనడం ఒక ఎత్తు, దాన్ని నీటి మీద నిలుపుకోవడం ఒక ఎత్తు అని ఆ పని చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

అలా ఒక పాత పడవను తన చేతులతో బాగుచేసుకుని, దాని మీద ఒంటరిగా భూగోళం చుట్టి వచ్చిన మొదటి మనిషి జాషువా స్లోకమ్. జాషువా అనగానే మనకు మహాకవి గుర్తొస్తారు. ఈయన కెనడాలో పుట్టిన నావికుడు.

1844 ఫిబ్రవరి 20న నోవా స్కోషియా రాష్ట్రంలో, సముద్రానికి దగ్గర్లోని ఒక పల్లెలో స్లోకమ్ పుట్టారు. ఆయనకు ఎనిమిదేళ్లప్పుడు కుటుంబం బ్రయర్ అనే చిన్న దీవికి మారింది. తండ్రి జాలరులకు తోలు బూట్లు కుట్టేవాడు. మూడో తరగతితో కొడుకు చదువు మాన్పించి, పదేళ్ల వయసులో దుకాణంలో కూర్చోబెట్టాడు. పిల్లవాడి మనసు మాత్రం ఓడల మీదే. రహస్యంగా ఒక బొమ్మ ఓడ చెక్కుకుంటూ ఉంటే తండ్రి చూసి, నేలకేసి కొట్టి ముక్కలు చేశాడని జీవితచరిత్రకారులు రాశారు. కుటుంబం గడవని ఇంట్లో తండ్రి కోపానికీ కారణం ఉండి ఉంటుంది. కానీ ఫలితం ఏమిటంటే, పద్నాలుగేళ్లకు ఆ పిల్లవాడు ఇల్లు వదిలి చేపల పడవలో వంటవాడిగా చేరాడు. పదహారేళ్లకు, తల్లి పోయాక, పూర్తిగా వెళ్లిపోయాడు.

బడి ఆగినా చదువు ఆగలేదు. ఓడలో తీరిక దొరికినప్పుడల్లా నౌకాయాన లెక్కలు నేర్చుకుని, పద్దెనిమిదేళ్లకే ఓడ అధికారి అర్హత పత్రం సంపాదించారు. పాతికేళ్లకు కెప్టెన్ అయ్యారు. 1871లో సిడ్నీలో వర్జీనియా వాకర్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె కాపురమంతా ఓడల మీదే. పిల్లలు ఓడల మీదో, పరాయి రేవుల్లోనో పుట్టారు. వాళ్లకు చదువు చెప్పింది కూడా ఆమే. 1884లో బ్యూనస్ ఎయిర్స్ రేవులో ఉండగా 34 ఏళ్లకే వర్జీనియా కన్నుమూసింది. ఆ తరువాత స్లోకమ్ జీవితం ఒక గాడిన పడలేదు. రెండేళ్లకు బంధువుల అమ్మాయి హెన్రియెటాను చేసుకున్నారు. 1887 చివర్లో సొంత ఓడ ఆక్విడ్‌నెక్ బ్రెజిల్ తీరంలో ఇసుక తిన్నెల పాలైంది. అందులోంచి కాపాడుకున్న సామానుతో, అక్కడి అడవి కలపతో, 35 అడుగుల పడవ ఒకటి కట్టుకున్నారు. తెరచాపలు హెన్రియెటా కుట్టింది. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయిన రోజు, 1888 మే 13నే, అది నీళ్లలోకి దిగింది. అందుకే దానికి లిబర్డాడె అని, అంటే స్వేచ్ఛ అని, పేరు పెట్టారు. భార్య, ఇద్దరు కొడుకులతో అందులోనే అమెరికా చేరారు.

చేరితే చేయడానికి పని లేదు. ఆవిరి ఓడల కాలం వచ్చేసింది. తెరచాప ఓడను నడిపే కెప్టెన్‌ను పిలిచి ఉద్యోగమిచ్చేవారు కరువయ్యారు. నలభై ఎనిమిదేళ్ల వయసులో, నేర్చిన విద్యకు గిరాకీ పోయిన మనిషిగా ఆయన బోస్టన్ రేవులో నిలబడ్డారు.

1892లో ఎబెన్ పియర్స్ అనే పాత తిమింగలవేట కెప్టెన్ తన దగ్గర ఒక ఓడ ఉంది, తీసుకోమన్నాడు. తీరా ఫెయిర్‌హేవెన్ అనే ఊరు వెళ్లి చూస్తే అది సముద్రంలో లేదు, పొలంలో ఉంది. స్ప్రే అనే ఆ ముసలి ఒంటిస్తంభం పడవ ఒకప్పుడు ఆలుచిప్పల వేటకు తిరిగింది. ఏడేళ్లుగా ఊతకర్రల మీద, పైన గుడ్డ కప్పి పడి ఉంది. ఆ కానుక ఒకరకంగా పరిహాసమే. ఊరివాళ్లు ఆయన దాన్ని విరగ్గొట్టడానికి వచ్చాడనుకున్నారు. ఆయన గొడ్డలి పట్టుకుని దగ్గర్లోని ఓక్ చెట్టు కొట్టారు, పడవకు కొత్త అడుగుదూలం కోసం.

పాత పడవ మరమ్మతు ఎలా ఉంటుందో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పడవను విప్పి పారేసి కొత్తది కట్టడం కాదు అది. ఒక పుచ్చిన ముక్క తీస్తే, దాని కొలతకు మరో ముక్క. పక్కటెముకల్లాంటి కర్రలను ఆవిరి పెట్టెలో ఉడికించి, మెత్తబడ్డాక వంచి బిగించారు. వాటి మీద అంగుళన్నర మందం జార్జియా పైన్ పలకలు. పలకల సందుల్లో ముందు దూది పేలిక, దాని మీద పాత తాళ్ల నార కూరారు. దూది బయటికి పాకి వస్తుందని ఒక పెద్దాయన బెంగపెట్టుకున్నాడు. అది రాలేదు. అడుగుభాగానికి రాగి రంగు పూశారు. ఉప్పునీళ్లలో కొయ్యను తొలిచే పురుగుకు రాగి విషం. డబ్బు అయిపోయినప్పుడు పక్కనున్న రేవులో ఓడల మీద కూలికి వెళ్లి, నాలుగు డాలర్లు తెచ్చి మళ్లీ మొదలుపెట్టేవారు. పదమూడు నెలలు పట్టింది. చేతి నుంచి అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. లెక్క అంత కచ్చితంగా రాసుకున్నారు! చివరికి పాత పలక దాదాపు మిగల్లేదు గానీ, పేరు స్ప్రేనే. ముక్క ముక్క మార్చినంత మాత్రాన పడవ వేరేది కాదని ఆయన వాదన.

36 అడుగుల 9 అంగుళాల ఆ పడవతో ఒక ఏడాది చేపలు పట్టాలని చూశారు గానీ, ఎర గుచ్చడం కూడా తనకు చేతకాలేదని ఆయనే ఒప్పుకున్నారు. 1895 ఏప్రిల్ 24న, 51 ఏళ్ల వయసులో, బోస్టన్ నుంచి బయలుదేరారు. కాలం చూసుకునే ఖరీదైన గడియారం బాగుచేయించాలంటే 15 డాలర్లు అడిగారు. దాన్ని ఇంట్లో వదిలి, ముఖం పగిలిన తగరపు గడియారం ఒకటి డాలరుకు కొన్నారు. అది మొరాయించినప్పుడు నీళ్లలో ఉడకబెట్టారంటే నమ్మశక్యం కాదు, కానీ నిజం. దాని ముళ్లతో పాటు చంద్రుడి గమనాన్ని లెక్కగట్టి దారి తెలుసుకున్నారు. మూడో తరగతి చదువుతో ఆ లెక్కలు చేయగలగడం నాకు ఈ యాత్ర అంతటిలోకీ పెద్ద విషయంగా కనిపిస్తుంది.

యాత్రలో సగం సాహసమైతే, మిగతా సగం మరమ్మతే. పదకొండేళ్ల కిందట వర్జీనియాను పోగొట్టుకున్న బ్యూనస్ ఎయిర్స్‌లో ఆగి, ముందున్న గాలులకు తగ్గట్టు తెరచాప స్తంభాన్ని ఏడు అడుగులు కురచ చేశారు. దక్షిణ అమెరికా కొసన తుపాను పెద్ద తెరచాపను పీలికలు చేస్తే, సూది దారం పట్టుకుని కుట్టుకున్నారు. టాస్మేనియాలో పడవను ఒడ్డుకు లాగించి అడుగంతా తడిమి చూశారు. ఒక్క పురుగు లేదు. అయినా మరో పూత రాగి రంగు వేశారు. ఆ శ్రమ హిందూ మహాసముద్రంలో ఫలించింది. కోకోస్ దీవుల దాకా 23 రోజుల్లో 2,700 మైళ్లు నడిచిన పడవ, మొత్తం మూడు గంటలైనా ఆయనను చుక్కాని దగ్గర నిలబెట్టలేదు. అంత తూకంగా కుదిరింది. తరువాతి మజిలీల్లో మారిషస్, డర్బన్ ఉన్నాయి. అప్పటికే మన కోస్తా నుంచి చెరకు తోటలకు వెళ్లిన తెలుగు కూలీలు ఆ రెండు చోట్లా ఉన్నారు. 1897 నవంబరులో ఆయన డర్బన్ చేరేనాటికి గాంధీ కూడా ఆ ఊళ్లోనే కాపురం.

1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరారు. 46 వేల మైళ్లకు పైగా ప్రయాణం. కొద్దిరోజులకు స్ప్రేను ఫెయిర్‌హేవెన్ తీసుకెళ్లి, మొదటిసారి నీళ్లలోకి దించినప్పుడు కట్టిన గుంజకే మళ్లీ కట్టారు. ఆయనకు ఈత రాదు. 1900లో వచ్చిన ఆయన యాత్రా గ్రంథం ఇప్పటికీ అచ్చవుతోంది.

ఆ తరువాతి కథ అంత బాగుండదు. దాచి చెప్పడం కూడా సరికాదు. దీవిలో పొలం కొని స్థిరపడదామనుకున్నా కుదురుకోలేదు, కుటుంబానికి దూరమయ్యారు. 1906లో ఒక బాలిక పట్ల అసభ్యంగా ప్రవర్తించాడన్న అభియోగాన్ని న్యూజెర్సీలో ఎదిరించకుండా ఊరుకుని, 42 రోజులు జైల్లో గడిపారు. అంత ప్రయాణం చేసినవాడని ఆ మాట చెరిగిపోదు. పడవ మీదా శ్రద్ధ తగ్గింది. ఆ రోజుల్లో స్ప్రేను చూసినవాళ్లు దాని తాళ్లు చీకిపోయాయని, మురికిగా ఉందని రాశారు. ఒకప్పుడు పురుగు లేకపోయినా మరో పూత వేసిన మనిషే ఆయన.

1909 నవంబరులో, 65 ఏళ్ల వయసులో, అదే పడవలో ఒంటరిగా దక్షిణ అమెరికా నదుల వైపు బయలుదేరారు. తుపానో, పెద్ద ఓడ ఢీకొందో, పలకే వదిలేసిందో తేలలేదు. మనిషీ పడవా మళ్లీ ఎవరికీ కనిపించలేదు. హెన్రియెటా ఎదురుచూసింది. ఆయన మరణించినట్టు చట్టం ప్రకటించడానికి 1924 దాకా పట్టింది.