థామస్ హంట్ మోర్గను

వానకాలమున తుంగభద్ర యొడ్డునగల రాజోలివంటి గ్రామములలో పొలము దున్నునప్పుడు నాగటి కర్రు తగిలి వానపాములు తెగుట రైతుబిడ్డలందరు చూచినదే. తెగిన తునకలు రెండును కొంతసేపు మెలికలు తిరుగును. ఒక పురుగు రెండు పురుగులైనదని పిల్లలు చెప్పుకొందురు. ఆ మాటలో సగమే నిజము. తలవైపు తునక తోకను మరల మొలిపించుకొని బ్రతుకవచ్చును. తోకవైపు తునక సాధారణముగ కొన్నాళ్లకు చచ్చును. బల్లికి ఊడిన తోక మరల వచ్చును. పీతకు విరిగిన కాలు మరల వచ్చును. మనుష్యునకు తెగిన వ్రేలు మరల రాదు. ఈ భేదమునకు కారణమేమి? పోయిన భాగము తల యని, లేక తోక యని, మిగిలిన దేహమునకు తెలియజెప్పున దేది?

ఈ ప్రశ్నలను పట్టుకొని యౌవనమంతయు పురుగులతో గడిపిన మహానుభావుడు థామస్ హంట్ మోర్గను. లోకము ఆయనను ఈగలపై పరిశోధన చేసిన శాస్త్రజ్ఞుడుగ ఎరుగును. అంతకుముందు ఆయన పురుగులపై చేసిన పని ఎరిగినవారు కొద్దిమందియే.

మోర్గను 1866వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన అమెరికా దేశములోని కెంటకీ రాష్ట్రమున, లెక్సింగ్టను పట్టణమున జన్మించెను. ఆ దేశములో ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ జరిగిన ఘోరమైన అంతర్యుద్ధము ముగిసి అప్పటికి ఒక్క సంవత్సరమే అయినది. ఆయన పినతండ్రులు, పెదతండ్రులలో ఒకడైన జాన్ హంట్ మోర్గను దక్షిణ సైన్యమున పేరుపడిన అశ్వదళ నాయకుడు. ఆ యుద్ధములోనే మరణించెను. తల్లివైపు చూచినచో అమెరికా జాతీయగీతమును రచించిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ ఆయనకు ముత్తాత. ఇట్టి వంశమున పుట్టిన బాలుడు కత్తినో కలమునో చేపట్టునని బంధువులు తలచియుందురు. అతడు మాత్రము పక్షుల గ్రుడ్లను, రాళ్లలో దొరకు పూర్వజీవుల గుర్తులను ఏరి దాచుకొనుచు కొండలవెంట తిరిగెను. స్వస్థలమందలి కళాశాలలో 1886లో పట్టము పుచ్చుకొని, బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున చేరెను. అచట సముద్రపు సాలీళ్లను గూర్చి పరిశోధించి 1890లో డాక్టరు పట్టమును పొందెను. ఆ విచిత్రజీవులు పీతల జాతివా, సాలీళ్ల జాతివా యని పండితులు తగవులాడుచుండగా, ఆయన వాటి గ్రుడ్డు పెరుగు క్రమమును చూచి, అవి సాలీళ్లకే చేరువ యని తేల్చెను. పెద్దదైన జీవిని చూచి వాదించుటకంటె, అది ఎట్లు పెరిగినదో చూచుట మేలను బుద్ధి ఆయనకు అప్పుడే ఏర్పడినది.

1891లో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి బ్రిన్ మార్ మహిళా కళాశాలలో ఆచార్యుడుగ చేరెను. ఆ దినములలో స్త్రీలకు ఉన్నత విజ్ఞానవిద్య నేర్పు కళాశాలలు అరుదు. 1894లో సెలవు తీసుకొని ఇటలీ దేశమునకు వెడలి, నేపుల్సు నగరమున సముద్రతీరమునగల జంతుశాస్త్ర పరిశోధనశాలలో కొంతకాలము పనిచేసెను. అచట ప్రతి ఉదయమును జాలరులు పడవలతో తెచ్చిన జీవులను తొట్లలో ఉంచెడివారు. వివిధ దేశముల పండితులు ప్రక్కప్రక్కనే బల్లలవద్ద కూర్చుండి పనిచేసెడివారు. అచటనే హాన్స్ డ్రీష్ అను జర్మను పండితునితో ఆయనకు స్నేహము కుదిరినది. సముద్రపు ముళ్లజీవి గ్రుడ్డు రెండు కణములుగ చీలిన క్షణమున ఆ కణములను విడదీసినచో, ప్రతి కణమును ఒక పూర్ణమైన పిల్లగ పెరుగునని డ్రీష్ అంతకుముందే కనుగొనియుండెను. సగము గ్రుడ్డు మొత్తము జీవి కాగలిగినప్పుడు, సగము పురుగు మొత్తము పురుగగుట వేరొక వింత కాదు. రెండును ఒకే రహస్యమునకు రెండు ద్వారములని మోర్గనునకు తోచెను.

తెగిన జీవి మరల పూర్తియగుట అంతకు నూటయేబది సంవత్సరములకు పూర్వమే తెలిసినది. 1740వ ప్రాంతమున అబ్రహాం ట్రెంబ్లే హాలెండు దేశమున మంచినీటి హైడ్రాను తునుకలు చేయగా, తునక తునకకు ఒక హైడ్రా పెరిగెను. అతని బంధువైన షార్ల్ బోనే నీటిపురుగులను కోసి అట్టి ఫలితమునే చూచెను. కాని వారి తరువాతి వారిలో చాలమంది వింత చూచి ఆనందించిరే గాని, కోత ఎచట వేసిన ఏమి జరుగునో లెక్కగట్టి చూచినవారు తక్కువ. మోర్గను ఆ లెక్కకు పూనుకొనెను.

మొదట వానపామును తీసుకొనెను. తలవైపున కొన్ని ఖండములు మాత్రమే తీసివేసినచో, మిగిలిన భాగము క్రొత్త తలను మొలిపించుకొనును. కోతను వెనుకకు జరిపినకొలది తల వచ్చుట ఆలస్యమగును. ఇంకను వెనుకకు జరిపి, తోకకు దగ్గరగ కోసినచో, మిగిలిన ముక్క ముందువైపున తలకు బదులు మరియొక తోకను మొలిపించుకొనుట ఆయన చూచెను. ఇది నిజముగ ఆలోచింపదగిన విషయము. రెండు తోకల పురుగునకు నోరు లేదు, తినలేదు, కొంతకాలమునకు ఆకలితో చచ్చును. దేహము తనకు మేలు కలుగు భాగమునే తెలిసి మొలిపించుకొనునని చెప్పిన వేదాంతులకు ఈ దీనమైన పురుగే సమాధానము.

అప్పట వైస్మాను అను గొప్ప జర్మను పండితుడు వేరొక సిద్ధాంతమును చెప్పియుండెను. తరచుగ దెబ్బతగులు అవయవములకే మరల పెరుగు శక్తి అలవడినదనియు, దెబ్బతగులని వాటికి ఆ శక్తి యుండదనియు అతని మతము. వినుటకు ఇది న్యాయముగనే యున్నది. మోర్గను దీనిని వాదముతో ఖండింపలేదు. సన్యాసి పీతలను తెచ్చుకొనెను. ఈ పీత చచ్చిన నత్త గుల్లలో దూరి కాపురము చేయును. దాని ముందుకాళ్లు గుల్ల బయట నుండి శత్రువులకు చిక్కును. వెనుకటి చిన్నకాళ్లు గుల్లలోపల భద్రముగ నుండును. వైస్మాను మాట నిజమైనచో లోపలికాళ్లు మరల పెరుగరాదు. మోర్గను వాటిని తీసివేసి చూడగా, అవియు మరల పెరిగెను. గొప్పవారి మాటయని తలయూపక, చిన్న పీతను అడిగి తెలిసికొనుట ఆయన స్వభావము.

తరువాత మంచినీటిలో రాళ్లక్రింద దాగు ప్లనేరియా అను చదునుపురుగులపై పనిచేసెను. అదే కళాశాలలో హారియట్ రాండల్ఫ్ అను విదుషి అంతకుముందే ఆ పురుగులను పరిశీలించియుండెను. 1892లో నీటిపురుగులలో గాయమువద్ద క్రొత్త కణజాలమునకు మూలమగు ప్రత్యేక కణములను గుర్తించి, వాటికి నియోబ్లాస్టులని పేరుపెట్టినది కూడ ఆమెయే. మోర్గను ప్లనేరియాను పొడవుగ, అడ్డముగ, ఏటవాలుగ ఇట్లు అనేకవిధముల కోసెను. మొత్తము పురుగులో 279వ వంతైన తునకయు పూర్ణమైన పురుగు కాగలదని ఆయన లెక్కతేల్చెను. తలకు వెనుకనే మిక్కిలి సన్నని పలకగ కోసినచో, కొన్నిసారులు రెండువైపులను తలలే మొలిచెను. తోక యుండవలసినచోట తల వచ్చిన ఆ జీవికి ముందేది, వెనుకేది?

ఈ శ్రమఫలితముగ 1901లో పునరుద్భవమును గూర్చిన పెద్ద గ్రంథమును ప్రకటించెను. పోయిన భాగము మరల వచ్చుటలో రెండు పద్ధతులున్నవని ఆయన అందు విడదీసి చెప్పెను. రాజోలి చేనేతవారి మగ్గమును ఎరిగిన విద్యార్థికి ఇది సులభముగ తెలియును. చిరిగిన బట్ట అంచునకు క్రొత్త నూలుతో మరికొంత నేసి అతుకుట మొదటి పద్ధతి. దీనికి ఆయన ఎపిమార్ఫోసిస్ అని పేరిడెను. క్రొత్త నూలు లేకయే, మిగిలిన గుడ్డను దారము దారముగ విప్పి, అదే నూలుతో చిన్నదైనను కొంగు, అంచు అన్నియుగల పూర్తి చీరను మరల నేయుట రెండవ పద్ధతి, ఇది మార్ఫలాక్సిస్. ఉపమానమునకు ఒక లోపము కలదు: మగ్గమువద్ద నేతగాడున్నాడు. పురుగులో నేతగాడెవడో కనబడడు. మోర్గను వెదకినది ఆ నేతగానినే. తలనుండి తోకవరకు ఏవో పదార్థములు క్రమముగ ఎక్కువతక్కువలుగ వ్యాపించియుండి, కోసినచోట వాటి పాలునుబట్టి తలయో తోకయో ఏర్పడుచుండునేమో యని ఆయన ఊహించెను. ఊహను నిరూపించు సాధనములు ఆ కాలమున లేవు. చేతికందని ప్రశ్నను ప్రక్కనబెట్టి, అందు ప్రశ్నను చేపట్టుట కూడ శాస్త్రజ్ఞునకు కావలసిన వివేకమే.

1904లో ఆయన తన పూర్వశిష్యురాలును, స్వయముగ పరిశోధకురాలునగు లిలియన్ సాంప్సనును వివాహమాడి, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు మారెను. అచట చిన్నగదిలో పాలసీసాలలో అరటిపండ్లు వేసి, పండ్లఈగలను వేలకొలది పెంచెను. అంతవరకు ఆయన మెండెలు సూత్రములను, క్రోమోసోముల వాదమును నమ్మినవాడు కాడు. 1910లో ఎఱ్ఱకన్నుల ఈగల నడుమ ఒక తెల్లకన్నుల మగ ఈగ కనబడెను. దాని సంతతిని లెక్కింపగా, ఆ లక్షణము లింగనిర్ణయము చేయు క్రోమోసోముతో కలిసి నడచుచున్నట్లు తేలినది. తాను ఎదిరించిన మతమునకే తన సీసాలు సాక్ష్యము చెప్పగా, ఆయన వెంటనే దానిని అంగీకరించెను. శిష్యులైన స్టర్టవాంటు, బ్రిడ్జెసు, ముల్లరు మొదలగువారితో కలిసి, జన్యువులు క్రోమోసోములపై వరుసగ ఉండునని స్థాపించెను. ఈ కథ విజ్ఞానశాస్త్ర గ్రంథములలో విరివిగ కలదు గనుక ఇచట పెంచబనిలేదు. 1928లో కాలిఫోర్నియా చేరి, పాసడీనాలోని సాంకేతిక విద్యాలయమున జీవశాస్త్ర విభాగమును నెలకొల్పెను. 1933లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆ ధనములో కొంత స్టర్టవాంటు, బ్రిడ్జెసుల బిడ్డలకును పంచెను.

ఒక చిక్కు మాత్రము ఆయనను విడువలేదు. దేహమందలి ప్రతి కణమునను ఒకే జన్యువులున్నచో, ఒక కణము చర్మమును, వేరొకటి నరమును అగుట ఎట్లు? 1934లో ప్రకటించిన గ్రంథమున, వేరువేరు జన్యువులు వేరువేరు వేళల మేల్కొనుచుండవచ్చునని ఆయన సూచించెను. వృద్ధాప్యమున మరల సముద్రతీరపు పరిశోధనశాలకు పోవుచు, పునరుద్భవ విషయములనే పట్టుకొనెను. 1945 డిసెంబరు 4వ తేదీన పాసడీనాలో దివంగతుడయ్యెను.

ఆయన విడిచిన ప్రశ్నకు సమాధానము తునుకలు తునుకలుగ తరువాతి కాలమున లభించినది. రాండల్ఫు పేరుపెట్టిన నియోబ్లాస్టులే ప్లనేరియాలోని మూలకణములు. ఏ అవయవముగనైనను మారగల కణములకు మూలకణములని పేరు. కిరణములతో మూలకణములన్నియు నశించిన ప్లనేరియా చావవలసినదే. అట్టి పురుగులో వేరొక పురుగునుండి తీసిన ఒకే ఒక మూలకణమును ప్రవేశపెట్టగా, అది వృద్ధియై దేహమంతయు నింపి పురుగును బ్రతికించినట్లు 2011లో అమెరికా పరిశోధకులు చూపిరి. తోకవైపు గుర్తు చెప్పు రసాయన సంకేతమును ఆపివేసినచో, తోక కోసినచోట తల మొలుచునని 2008లో తేలినది. మోర్గను ఊహించిన ఎక్కువతక్కువల పదార్థము ఇట్టిదే.

సముద్రపు పురుగుల సంగతి మరియొక విధము. నీరిస్ జాతి పురుగులు తీరపు ఇసుకలోను, రాళ్లసందులలోను ఉండును. వీటి తోకను కోసినచో, గాయమువద్దనున్న కణములు తమ పాతపనిని మాని, మూలకణములవంటి లేతస్థితికి మరలి, ఖండము వెంబడి ఖండమును మొలిపించును. అయితే 1950వ ప్రాంతమునుండి ఫ్రెంచి, జర్మను, బ్రిటిషు పరిశోధకులు ఒక విశేషమును గమనించిరి. పురుగు మెదడును తీసివేసినచో తోక మరల రాదు. ఆ పురుగు దేహపు కుహరమున వేరొక లేత పురుగు మెదడును ఉంచినచో, నరములు కలియకపోయినను తోక వచ్చును. నరము ద్వారా కాక, ద్రవము ద్వారా పారు ఏదో పదార్థమే ఈ ఆజ్ఞ నిచ్చుచున్నదని దీనివలన తెలియును. అట్టి పదార్థమునకే హార్మోనని పేరు. మరియు ముదిరిన పురుగు మెదడును ఉంచినచో ఫలితము లేదు. ఈ హార్మోను దేహమును పెంచును. గ్రుడ్లు పక్వమగుటను ఆపును. నేపుల్సు సముద్రమున దొరకు ప్లాటినీరిస్ అను పురుగులో గ్రుడ్ల పక్వమును ఆపు మెదడు హార్మోను మిథైల్ ఫార్నెసోయేటు అను పదార్థమని 2016లో తేలినది. పీతలజాతిలో అంతకుముందే తెలిసిన ఈ పదార్థము, కీటకములను బాల్యస్థితిలో నిలుపు హార్మోనునకు దగ్గరి చుట్టము.

వయస్సు ముదిరినకొలది ఆ పురుగులో హార్మోను తగ్గును. అప్పుడు తోక తెగినచో మరల మొలువదు. దేహములోని బలమంతయు గ్రుడ్లకు పోవును. కన్నులు పెద్దవగును, ప్రక్కలనున్న కాళ్లు ఈదుటకు అనువుగ తెడ్లవలె వెడల్పగును. అమావాస్యకు చేరువైన రాత్రులలో పురుగులు అడుగునుండి నీటిపైకి గుంపులుగ వచ్చి, సుడులు తిరిగి, గ్రుడ్లను బీజమును నీటిలో విడిచి, కొద్ది గంటలలో చచ్చును.