లాహోర్ పెళ్లికి ఎనభయ్యో ఏడు

కెప్టెన్ లక్ష్మి అనగానే మన కళ్ల ముందు నిలిచేది సైనిక దుస్తులు, నెత్తిన టోపీ, పక్కన నేతాజీ. ఆ ఫొటో పక్కన మనం పెద్దగా తలుచుకోని మనిషి ఒకాయన ఉన్నారు. పేరు ప్రేమ్ కుమార్ సెహగల్. 1947 మార్చిలో లాహోర్‌లో వీళ్లిద్దరికీ పెళ్లయింది. ఆ పెళ్లికి ఇది ఎనభయ్యో ఏడు. దంపతులిద్దరూ మన మధ్య లేకపోయినా అక్షింతలు వేయాలనిపించే పెళ్లిళ్లు కొన్నుంటాయి.

మామూలుగా అయితే ఈ సంబంధం ఏ పెళ్లిళ్ల పేరయ్యకూ తట్టదు. ఆమె మద్రాసు లాయరు గారి అమ్మాయి, డాక్టరు. తల్లి అమ్ము స్వామినాథన్ తర్వాతి కాలంలో రాజ్యాంగ సభ సభ్యురాలు. మొదటి పెళ్లి కలిసిరాక లక్ష్మి 1940లో సింగపూర్ వెళ్లి అక్కడ ప్రాక్టీసు పెట్టుకున్నారు. ఆయన పంజాబీ, న్యాయమూర్తి కొడుకు, బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ వశం కావడంతో బందీ అయ్యారు. మధ్యవర్తి పని యుద్ధమే చేసింది.

1943 జూలైలో నేతాజీ సింగపూర్ చేరాక లక్ష్మి ఆజాద్ హింద్ ఫౌజ్ మహిళా విభాగమైన ఝాన్సీ రాణి దళానికి నాయకురాలయ్యారు. ఆ ఫౌజులోనే చేరిన ప్రేమ్ నేతాజీకి సైనిక కార్యదర్శి. పరిచయం ప్రేమగా మారిందే గానీ, తీరిగ్గా కబుర్లు చెప్పుకునే రోజులు కావవి. బర్మా యుద్ధంలో చెరో దిక్కయ్యారు. 1945లో పోపా కొండ దగ్గర సేనను నడిపిన ప్రేమ్ చివరికి బ్రిటిష్ వారికి చిక్కారు. లక్ష్మి కూడా బర్మాలోనే పట్టుబడ్డారు.

ఆ నవంబరులో ఎర్రకోటలో షానవాజ్ ఖాన్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లతో పాటు ప్రేమ్‌ను బోనెక్కించారు. భూలాభాయ్ దేశాయ్ వాదించారు. నెహ్రూ చాలా ఏళ్ల తర్వాత మళ్లీ నల్లకోటు తొడుక్కున్నారు. ద్వీపాంతరవాస శిక్ష పడినా, దేశమంతా భగ్గుమనడంతో దాన్ని రద్దు చేయక తప్పలేదు. లక్ష్మిని మాత్రం 1946 మార్చి వరకు బర్మా దాటనివ్వలేదు. ఆ మరుసటి మార్చిలోనే పెళ్లి. పంజాబులో మతకల్లోలాలు చెలరేగిన నెల కూడా అదే. ఇంతకంటే చెడ్డ ముహూర్తం ఏ పంచాంగంలోనూ దొరకదేమో!

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడుతుంది. నా మట్టుకు అసలు అభినందించాల్సింది ఆ తర్వాతి నలభై అయిదేళ్లని. కాపురం పెట్టిన కాన్పూరులో ఆయనది బట్టల మిల్లులో ఉద్యోగం, ఆమెది ఆసుపత్రి. దేశ విభజనతో కట్టుబట్టలతో వచ్చినవాళ్లకు, పేదింటి బాలింతలకు ఆమె వైద్యం చేశారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాలకు, 1984లో గ్యాస్ విషాదం తర్వాత భోపాల్‌కు వెళ్లారు. ఆ ఏడాదే సిక్కులపై దాడులు జరిగినప్పుడు కాన్పూరు వీధిలోకి వచ్చి అల్లరిమూకకు అడ్డు నిలిచారు. ఇలా ఎప్పుడు ఏ ఊరికి మూట కట్టుకుంటుందో తెలియని ఇల్లాలితో కాపురం చేయడానికి సైనికుడి ఓర్పే కావాలి. ఆమెను అందరూ కెప్టెన్ అంటూనే ఉన్నారు, నిజానికి ఆమె హోదా కల్నల్. ఇంట్లో ఇద్దరు కల్నళ్లున్నా కాపురం చెదరలేదు.

1992లో ప్రేమ్ పోయారు. లక్ష్మి ఆసుపత్రి మానలేదు. 2002లో వామపక్షాల తరఫున కలాం గారిపై రాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు ఆమె వయసు ఎనభై ఏడు. ఆ సంవత్సరమే మనవడు షాద్ అలీ దర్శకుడిగా ‘సాథియా’ తీశాడు. మన ‘సఖి’ కథే అది, పెద్దల మాట దాటి చేసుకున్న పెళ్లి కథ. అమ్మమ్మ, తాతయ్యల కథ అంతకంటే పెద్ద సినిమా అవుతుంది. ఎవరైనా తీస్తే బాగుండు, కాన్పూరు రీళ్లు కత్తిరించకుండా.

ఆ దంపతులకు మన నమస్కారం. కుమార్తెలు సుభాషిణి, అనీసాలకు, వారి పిల్లలకు ఈ పెళ్లిరోజు శుభాకాంక్షలు.