కథల రచయిత – పసిపిల్లల వాల్వు

చాక్లెట్ ఫ్యాక్టరీలోకి వెళ్ళిన పేద పిల్లవాడు చార్లీ సినిమా మనలో కొందరైనా టీవీలో చూసే ఉంటారు. ఆ కథ రాసినది రోల్డ్ డాల్. పసిపిల్లల తలలో చేరే నీటిని బయటకు పంపే ఒక వాల్వు తయారీకి కూడా ఆయనే కారకుడని చాలామందికి తెలియదు.

డాల్ 1916 సెప్టెంబరు 13న వేల్స్‌లోని కార్డిఫ్ దగ్గర, నార్వే నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబంలో పుట్టారు. మూడేళ్ళ వయసులో అక్క అపెండిసైటిస్‌తో చనిపోయింది. కొద్ది వారాలకే తండ్రి న్యుమోనియాతో పోయారు. తొమ్మిదేళ్ళకు తల్లి బోర్డింగ్ స్కూల్లో చేర్పించింది. అది డబ్బు కట్టి చదివే బడి, మనలాంటి సంక్షేమ హాస్టల్ కాదు. అయినా ఇంటి మీద బెంగ ఎక్కడైనా ఒకటే కదా! ఇంటికి వెళ్ళాలని అపెండిసైటిస్ వచ్చినట్టు నటించి, తీరా తమ ఊరి డాక్టరుకు దొరికిపోయారు. (కడుపునొప్పి సెలవు మనం కనిపెట్టినది కాదన్నమాట.) ఆదివారం ఉత్తరాలు హెడ్‌మాస్టరు కళ్ళముందే రాయాలి కాబట్టి కష్టాలు రాసే వీలు లేదు. అయినా తల్లి ఆ ఉత్తరాలన్నీ దాచుకుంది.

చదువయ్యాక షెల్ కంపెనీ ఉద్యోగంలో ఆఫ్రికా వెళ్ళారు. యుద్ధం రాగానే బ్రిటిష్ వైమానిక దళంలో చేరారు. 1940లో ఎడారిలో విమానం కూలి తలకు పెద్ద గాయమైంది, కొన్నాళ్ళు చూపు పోయింది.

అసలు కష్టం 1960 డిసెంబరులో వచ్చింది. న్యూయార్క్‌లో ఆయా తోపుడు బండిలో తీసుకెళ్తున్న నాలుగు నెలల కొడుకు థియోను టాక్సీ గుద్దింది. తల పగిలింది, తర్వాత మెదడులో నీరు చేరింది. దీన్నే హైడ్రోసెఫలస్ అంటారు. మెదడు లోపలి గదుల్లో ఎప్పుడూ ఒక ద్రవం ఊరుతూ, రక్తంలో కలిసిపోతూ ఉంటుంది. దారి మూసుకుపోతే ద్రవం నిలిచి మెదడును నొక్కుతుంది. అందుకే సన్నని గొట్టం, ఒకే వైపు తెరుచుకునే వాల్వు అమర్చి దాన్ని మళ్ళిస్తారు. అదే షంటు. థియో వాల్వు మాటిమాటికీ మూసుకుపోయేది. అలా అయినప్పుడల్లా చూపు, ప్రాణం రెండూ ప్రమాదంలో పడేవి. మళ్ళీ ఆపరేషన్.

డాల్ డాక్టరు కాదు, ఇంజనీరు కాదు. కానీ ఊరికే ఏడుస్తూ కూర్చోలేదు. వాల్వు ఎందుకు మూసుకుపోతోందని అడిగారు. బొమ్మ విమానాలకు చిన్న ఇంజన్లు చేసే స్టాన్లీ వేడ్ అనే హైడ్రాలిక్ ఇంజనీరును, లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి సర్జన్ కెన్నెత్ టిల్‌ను కలిపారు. చీలిక ఉన్న రబ్బరుకు బదులు కదిలే చిన్న లోహపు బిళ్ళలతో కొత్త వాల్వు తయారైంది. 1962లో మొదటిసారి ఒక బిడ్డకు అమర్చారు. ముగ్గురూ లాభం తీసుకోలేదు. దాదాపు 3,000 మంది పిల్లలకు అది ఉపయోగపడింది. విచిత్రమేమంటే, అది సిద్ధమయ్యేసరికి థియోకు దాని అవసరమే లేకపోయింది! ఆ 1962లోనే ఏడేళ్ళ కూతురు ఒలీవియా తట్టు జ్వరం మెదడుకెక్కి చనిపోయింది.

డాల్ మెత్తని మనిషేమీ కాదు. యూదుల గురించి ఆయన అన్న మాటలకు కుటుంబమే 2020లో క్షమాపణ చెప్పింది. అది కూడా తెలియాలి.

ఇప్పుడు కొందరు పిల్లలకు షంటు లేకుండానే, ఎండోస్కోపుతో మెదడు గది అడుగున చిన్న రంధ్రం చేసి ద్రవానికి దారి ఇస్తున్నారు. పసికందుల్లో అందరికీ అది ఫలించదు కాబట్టి షంట్లు ఇంకా వాడుతూనే ఉన్నారు. షంటు ఉన్న బిడ్డకు వాంతులు, మగత, మాడు ఉబ్బడం, షంటు వేసిన చోట ఎరుపు, జ్వరం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మన ఊళ్ళల్లో ఈ సంగతి అమ్మలకు, అక్కలకు చెప్పండి.

డాల్ 1990 నవంబరు 23న ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. టాక్సీ గుద్దిన ఆ బిడ్డ అప్పటికి ముప్పై ఏళ్ళ యువకుడు.