రహ్మతాబాద్‌కు తీసుకొచ్చేవారు

నెల్లూరు జిల్లా ఆత్మకూరు దాటి అనుమసముద్రంపేట వెళ్ళే బస్సుల్లో, పెరిగిన కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చున్న తల్లులు కనిపిస్తారు. మతి చెదిరినవాళ్ళను, తాగుడుకు బానిసలైనవాళ్ళను వెంటబెట్టుకుని ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు ఆ ఊరికి వస్తాయి.

ఆ ఊరికి రహ్మతాబాద్ అన్న పేరు తెచ్చిన మహనీయులు హజరత్ ఖ్వాజా రహ్మతుల్లా (రహ్మ). నాయబ్ రసూల్ అంటేనే జనానికి ఎక్కువ తెలుసు. దైవప్రవక్త (స) ప్రతినిధి అని ఆ బిరుదుకు అర్థం. 18వ శతాబ్దంలో, ఈ సీమ ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉన్న కాలంలో, ఆయన ఈ మెట్ట ప్రాంతంలో స్థిరపడి నఖ్షబందీ మార్గాన్ని బోధించారు. నాందేడ్ వైపు కంధార్‌కు చెందిన షా రఫీయుద్దీన్ అంతటివారు ఆయన దగ్గర శిష్యరికం చేసి ఖలీఫా అయ్యారు. హైదరాబాదు హాఫిజ్ మీర్ షుజాఉద్దీన్ ఆ రఫీయుద్దీన్ శిష్యులే. హిజ్రీ 1195లో, అంటే 1781 ప్రాంతంలో హజరత్ వఫాత్ అయ్యారు. హైదరలీ సేనలు ఆర్కాటును పట్టుకున్న రోజులవి.

కొండల్లో ఒంటరిగా గడిపిన వలీల గాథలు మనం చాలా విన్నాం. ఈయన సంసారి. భార్య హబీబా ఖాతూన్‌ను జనం అమ్మాజాన్ అని పిలుచుకుంటారు. ఆమె సమాధీ ఆ ఊళ్ళోనే ఉంది. వచ్చినవారు ఇద్దరికీ ఫాతెహా చదువుతారు. హజరత్ మహిమల గురించి చెప్పుకునేవి ఎన్నో ఉన్నాయి గాని, భర్తతో పాటు భార్య పేరూ రెండు వందల ఏళ్ళకు పైగా నిలవడమే నాకు పెద్ద విషయంగా తోస్తుంది.

ఇంటి ఆడవాళ్ళ పట్టుదల ఎంతటిదో ఈ మెట్ట సీమకు బాగా తెలుసు. ఉదయగిరి వైపు కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, తోటి స్త్రీలు సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. ఆ ఉద్యమం 1992లో జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధానికి దారితీసింది. వాళ్ళు పోరాడింది తాగే భర్తల కోసం, కొడుకుల కోసమే గదా!

అయితే దర్గాల దగ్గర రోగిని దిగబెట్టి వెళ్ళిపోయే బంధువులూ ఉంటారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాక అంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక కాలిపోయారు. వాళ్ళ పక్కన అయినవాళ్ళెవరూ లేరు. రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి చట్టం పూర్తిగా నిషేధించింది. డాక్టరు రాసిన మాత్రలను దువా పేరుతో మాన్పించమని ధర్మం ఎక్కడా చెప్పలేదు.

రహ్మతాబాద్‌లో కొందరు తల్లులు ఫాతెహా అయ్యాక కొంగుముడి విప్పి, కొడుకు చేతిలో మాత్ర పెట్టి, మింగేదాకా చూస్తారు. రాత్రి ఆ పిల్లవాడి పక్కనే చాప పరుచుకుంటారు.