చార్లెస్ మెర్జ్ మహాశయుడు

విద్యుత్ ఇంజనీరింగు చదివిన ప్రతి విద్యార్థికీ ‘మెర్జ్-ప్రైస్’ అనే జంటపేరు పరిచితమే. పటం గీసి, మార్కులు తెచ్చుకొని, పిదప దానిని మరచిపోవడమూ పరిపాటియే. ఆ పేరు వెనుక ఒక నిండు జీవితమున్నది గనుక దానిని మా విద్యార్థులకు పరిచయం చేయదలచినాము.

చార్లెస్ మెర్జ్ 1874 అక్టోబరు 5వ తేదీన ఇంగ్లండు ఈశాన్య భాగాన, టైన్ నది ఒడ్డునగల గేట్స్‌హెడ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జాన్ థియొడోర్ మెర్జ్ రసాయన పరిశ్రమలో నిపుణుడు. పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా భావచరిత్రను నాలుగు సంపుటాలలో రచించిన పండితుడు. న్యూకాసిల్ నగరంలో 1889లో విద్యుత్ సరఫరా సంస్థను స్థాపించినవాడు. మేనమామ ఓడల నిర్మాత. శాస్త్రమూ పరిశ్రమా రెండూ ఇంటనే లభించిన అదృష్టవంతుడన్నమాట.

మెర్జ్ 1899లో న్యూకాసిల్‌లో సలహాదారుగా వృత్తి ఆరంభించాడు. కొలది కాలానికే విలియం మెక్‌లెల్లన్ ఆయనకు భాగస్వామి అయినాడు. 1901లో వారు రూపొందించిన నెప్ట్యూన్ బ్యాంక్ విద్యుత్కేంద్రాన్ని లార్డ్ కెల్విన్ ప్రారంభించాడు. ఊరికొక చిన్న కేంద్రం, ఊరికొక వోల్టేజి ఉన్న ఆ రోజులలో, ఓడల కర్మాగారాలకూ ఫ్యాక్టరీలకూ ఒకే వ్యవస్థ నుండి శక్తిని అందించాలని మెర్జ్ సంకల్పం.

అయితే కలపడంలోనే ప్రమాదమున్నది. ఒక తీగ చెడితే దానితో ముడిపడినవన్నీ చీకటి కావచ్చును. అప్పటికి ఉన్న రక్షణ ఫ్యూజు, మరియు అతిప్రవాహాన్ని పసిగట్టి సర్క్యూట్ బ్రేకరుకు ఆజ్ఞ ఇచ్చే రిలే. ఏది ముందు తెగాలో నిర్ణయించడానికి రిలేలకు వేర్వేరు కాలవ్యవధులు పెట్టేవారు. దూరాననున్నది తొందరగా, కేంద్రం చెంతనున్నది ఆలస్యంగా. కాని కేంద్రం చెంతనే లోపం అతి తీవ్రం. అక్కడే అందరికన్న ఎక్కువసేపు వేచియుండవలసి వచ్చేది! పైగా రెండు వైపుల నుండి శక్తి ప్రవహించే వలలో ఈ లెక్క పొసగదు.

1904లో మెర్జ్, ఆయన సహచరుడు బెర్నార్డ్ ప్రైస్ కలసి వేరొక ఉపాయం పన్నినారు. కాలువ తలవద్ద పారిన నీరు చివర అంతే వచ్చిందా అని చూస్తే చాలు. తగ్గితే నడుమ గండి పడినట్లే. అట్లే తీగ రెండు కొనలయందు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లను అమర్చి, వాటిని సన్నని పైలట్ తీగలతో కలిపినారు. రెండు కొనల ప్రవాహం సమానమైతే రిలేకు ఏమీ చేరదు. నడుమ లోపం ఏర్పడితే తేడా ప్రవాహం రిలేను కదిలిస్తుంది. చెడిన భాగం మాత్రమే విడిపోతుంది. కాలవ్యవధితో నిమిత్తం లేదు. ఇందులో ప్రైస్ పాలు తక్కువేమీ కాదు, కీర్తి మాత్రం ఎక్కువగా మెర్జ్‌కే దక్కింది.

సుదూరపు లైన్లకు పైలట్ తీగల ఖర్చు భరింపరానిది. అందుచేత 1920 తరువాత అక్కడ డిస్టెన్స్ రిలేలు ప్రవేశించాయి. జనరేటర్లకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ మాత్రం మెర్జ్-ప్రైస్ సూత్రమే నిలిచింది. నేటి న్యూమరికల్ రిలేలు ఆప్టికల్ ఫైబరు ద్వారా రెండు కొనల సమాచారాన్ని పోల్చినా, అవి అడిగే ప్రశ్న 1904 నాటిదే.

యంత్రాలను ఒప్పించినంత సులభంగా మెర్జ్ మనుషులను ఒప్పించలేకపోయాడు. లండన్ నగరమంతటికీ ఏకవ్యవస్థ కావాలన్న ఆయన ప్రతిపాదన 1905లో పార్లమెంటు ముందుకు వచ్చినా చట్టం కాలేదు. ఎవరి చిన్న కేంద్రం వారికి ముద్దు. ఆ పట్టుదల వీడడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 1926 చట్టంతో బ్రిటన్‌లో 132 కిలోవోల్టుల జాతీయ గ్రిడ్డుకు మార్గమేర్పడింది. దాని రూపకల్పనలో మెర్జ్ ప్రముఖుడు. విచిత్రమేమనగా, జాతీయ ప్రమాణంగా 50 సైకిళ్ళు నిర్ణయం కాగా, మెర్జ్ పెంచిన టైన్ ప్రాంతమే 40 సైకిళ్ళను వదలి మారవలసి వచ్చింది!

1940 అక్టోబరులో జర్మను విమానాలు రాత్రివేళ లండన్‌పై బాంబులు కురిపిస్తున్న రోజులవి. కెన్సింగ్టన్‌లోని మెర్జ్ గృహంపై ఒక బాంబు పడింది. 66 ఏండ్ల మెర్జ్, ఆయన బిడ్డలిద్దరూ మరణించారు. భార్య ప్రాణాలతో బయటపడింది.