జి.డి. నాయుడు, మా నాయన బండి

సావనీరుకి ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు నన్ను పట్టుకున్నారు. కవిత రాయడం నాకు రాదు, కథ అల్లడం అంతకన్నా రాదు. పాఠకమిత్రులు మన్నిస్తే, ఒక మోటారు సైకిలును విప్పి జీవితం మొదలుపెట్టిన మనిషి గురించి నాకు తెలిసినంత రాస్తాను. ఆయన జోలికి నేనెందుకు పోవలసి వచ్చిందో ముందు చెప్పాలి.

మాది భద్రాచలం నుంచి చర్లకు పోయే దారిలో అడవి అంచు పల్లె. ఇంటికంతా ఒకే బండి. దాని మీదే విత్తనాలు, దాని మీదే పురుగుమందు డబ్బాలు, దాని మీదే నాయనమ్మ ఆసుపత్రి ప్రయాణం. నిరుడు సంక్రాంతి సెలవులకు పోయేసరికి ముందు షాకబ్జర్ల నుంచి ఆయిలు కారుతోంది. గుంతలో పడితే హ్యాండిలు మోచేతుల దాకా కొట్టేది. మిర్చి అమ్మినాక చూద్దాంలేరా అన్నాడు నాయన. బీఎస్సీ చదివే కొడుకు ఇంట్లో ఉండగా మెకానిక్కెందుకని, వేపచెట్టు కింద బండిని రాళ్ల మీదికెత్తి, చక్రం తీసి, ఫోర్కులు రెండూ ఊడబీకాను.

ఫోర్కు లోపల పెద్ద రహస్యమేమీ లేదు. ఒక గొట్టంలో ఇంకో గొట్టం, మధ్యన స్ప్రింగు, ఆయిలు. గుంత దెబ్బను స్ప్రింగు మింగుతుంది. కానీ మింగినదాన్ని ఊరికే ఉంచుకోదు, మళ్లీ కక్కుతుంది. ఆ ఎగురుడును ఆపేది ఆయిలే. సన్నని బొక్కల్లోంచి పిండుకుని పోయేటప్పుడు ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. ఫిజిక్సు క్లాసులో డాంపింగు సమీకరణం బోర్డు మీద చూసి నోటుబుక్కులో ఎక్కించుకున్నవాణ్ణే. నల్లటి పాత ఆయిలు చేతి మీద కారితే గాని అది నాకు నిజం కాలేదు.

కొత్త సీళ్లు వేశాను, కొత్త ఆయిలు పోశాను, బిగించాను. ఊరంతా చూసేటట్టు ఒక రౌండు కొట్టాను. నాలుగో రోజు నాయన మిర్చి బస్తా వేసుకుని వస్తుంటే వాగు దాటేచోట ముందు భాగం ఒక్కసారిగా కుంగి పడిపోయాడు. కుడి మణికట్టు బెణికింది. తీరా చూస్తే ఒక కాలిలో సీలు నేను తిరగేసి బిగించాను. సీలుకు ఒక పక్క సన్న స్ప్రింగు చుట్టు ఉంటుంది, అది ఆయిలు వైపు ఉండాలి. ఆయిలంతా దారి పొడవునా కారిపోయింది. నాయన నన్నొక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఇక పానా ముట్టనని ఒట్టు పెట్టుకుని కాలేజీకి వచ్చేశాను.

ఆ రోజుల్లోనే లైబ్రరీలో జి.డి. నాయుడు జీవితం చదివాను. మా బోరు మోటారు మీద రేకులో కోయంబత్తూరు అని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను గాని, ఆ ఊరికి మోటార్లు ఎట్లా వచ్చాయని ఎన్నడూ అడుక్కోలేదు.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ పల్లెలో పుట్టారు. తరాల కిందట అటు వలసపోయి స్థిరపడిన తెలుగు కుటుంబం, సేద్యమే ఆధారం. పసితనంలోనే తల్లి పోయింది. బడి ఆయనకు పడలేదు, ఆయన బడికీ పడలేదు. చదువు మాన్పించి పొలం పనికి పెట్టారు. అట్లాంటి పిల్లవాడి కంట ఒక ఆంగ్లేయ అధికారి నడిపే రడ్జి మోటారు సైకిలు పడింది. ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైన బండి, 1912 నాటిది. ఎద్దుల బండి తప్ప ఎరగని ఊళ్లో అదెట్లా కనపడి ఉంటుందో ఊహించుకోండి.

దాని కోసం ఆయన పొలం వదిలి కోయంబత్తూరు పోయి హోటల్లో సర్వరుగా చేరారు. మా ఊళ్లో ఏ రైతుబిడ్డయినా బండి కొనడానికి ప్లేట్లు అందించబోతే పిచ్చోడంటారు, అప్పుడూ అనే ఉంటారు. జీతంలో మిగిల్చి మిగిల్చి ఆ బండినే కొన్నారు. కొని షికార్లు కొట్టలేదు. ఇంట్లో పెట్టి ముక్కముక్కగా విప్పారు, తిరిగి బిగించారు. ఆ కాలపు బండ్ల ముందు ఫోర్కులో స్ప్రింగే గాని మనవాటిలా ఆయిలు లేదు. ఆయిలుతో ఊపును అదుపు చేసే టెలిస్కోపిక్ ఫోర్కును అమ్మకపు బండ్లలోకి బి.ఎం.డబ్ల్యూ. వాళ్లు తెచ్చింది 1935లో. ఏ కాలేజీ మెట్టూ ఎక్కని మనిషికి ఆ రడ్జియే కాలేజీ అయింది.

నేను రెండుసార్లు చదివింది మాత్రం ఆ తర్వాతి భాగం. మెకానిక్కు పని చేసి, తిరుప్పూరులో పత్తి వ్యాపారంలోకి దిగి, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బాగా గడించారు. ఆ డబ్బుతో బొంబాయి పోయి అక్కడి పత్తి షావుకార్ల ముందు నిలవలేక అంతా పోగొట్టుకున్నారు. ఉత్తచేతులతో తిరిగొచ్చి మళ్లీ యంత్రాల దగ్గరికే చేరారు. స్టేన్స్ అనే ఆంగ్లేయ వ్యాపారి దన్నుతో 1920లో ఒక్క బస్సు సంపాదించి పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపారు. యూనివర్సల్ మోటారు సర్వీసు, అంటే యు.ఎం.ఎస్., అట్లా మొదలై 1933 నాటికి 280 బస్సులయింది.

1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారీకి కారకులయ్యారు. మా బోరు మీది రేకుకు మూలం అక్కడ దొరికింది నాకు. బ్యాటరీలతో నడిచే రసాంత్ గడ్డపు రేజరు, కిరసనాయిలు ఫ్యాను, పండ్ల రసం యంత్రం, దొంగ ఓట్లకు తావివ్వని ఓటింగు యంత్రం... ఆయన చేసినవన్నీ రాస్తే సంపాదకులు కత్తెర పట్టుకుంటారు. 1952లో రెండు వేల రూపాయలకే ఇద్దరు కూర్చునే కారు తయారు చేస్తే దానికి ప్రభుత్వ అనుమతి రాలేదు.

మన అధ్యాపకులు ఏమనుకుంటారో గాని ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1945లో ఆయన చొరవతో, ఆయన విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట ఇంజనీరింగు కాలేజీ వెలిసింది. ఇప్పటి అక్కడి ప్రభుత్వ సాంకేతిక కళాశాలకు మూలం అదే. ఆయనే ప్రిన్సిపాలు. నాలుగేళ్ల చదువు కాలం వృథా అనీ, రెండేళ్లు చాలనీ ఆయన వాదం. సర్కారు ఒప్పుకోలేదు, ఆయన కుర్చీ దిగిపోయారు. రెండేళ్లు చాలునా అంటే నాకు అనుమానమే. సీలు తిరగేసి బిగించినవాడికి ఇంకో ఏడాది ఎక్కువే కావాలి. కానీ చేతులకు మసి అంటని చదువు గురించి ఆయన పడ్డ బాధ మాత్రం నాకు అర్థమైంది.

1950లలో ఆయన పన్నుల మీద కోపంతో తాను తయారు చేసిన రేడియోలను, గడియారాలను నలుగురి ఎదుట పగలగొట్టించారు. ఎంత చదివినా ఈ పని నాకు మింగుడుపడలేదు. ధర రానప్పుడు టమాటా రోడ్డు మీద పారబోసే రైతు కడుపుమంట నాకు తెలుసు. అయినా టమాటా రేపటికి కుళ్లిపోయేది. రేడియో అట్లా కాదు గదా. ఆయన 1974 జనవరి 4న కన్నుమూశారు.

ఉగాదికి ఇంటికి పోయినప్పుడు ఒట్టు గట్టున పెట్టి ఫోర్కులు మళ్లీ విప్పాను. రాడ్ల మీద తుప్పు గరుకును సన్నని నీటి కాగితంతో రుద్ది నునుపు చేశాను. బస్తాల బరువుకు తట్టుకోవాలని ఆయిలు ఒక మెట్టు చిక్కటిది తెచ్చాను. అంగట్లో కొన్న కొలత గొట్టంతో రెండు కాళ్లకూ సరిసమానంగా పోశాను. సీలు పెట్టేటప్పుడు స్ప్రింగు చుట్టు ఎటుందో మూడుసార్లు చూశాను. వాగు దాకా పదిసార్లు తిరిగొచ్చి రాడ్ల మీద వేలు పెట్టి చూస్తే పొడిగా ఉన్నాయి.

నాయన అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు, అప్పుడూ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి బండి లేదు. నాయనమ్మను వెనక కూర్చోబెట్టుకుని భద్రాచలం ఆసుపత్రికి పోయిండని అమ్మ చెప్పింది.