అంధుల చేతికి అక్షరమిచ్చిన లూయీ బ్రెయిలీ
(జనవరి 4 లూయీ బ్రెయిలీ జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

తిరుపతి, జనవరి 4: చూపులేని బాలలు విని, మాట్లాడి ఎంతో నేర్చుకోగలరు. అయితే తమ మనసులోని మాటను స్వయంగా వ్రాసి, స్వయంగా చదువుకొనే అవకాశం వారికి కల్పించిన మహనీయుడు లూయీ బ్రెయిలీ.

ఆయన 1809 జనవరి 4న ఫ్రాన్సు దేశంలో పారిస్ నగరానికి తూర్పున గల కూప్‌వ్రే గ్రామంలో జన్మించారు. తండ్రి గుర్రపు జీనులు తయారు చేసేవారు. మూడేళ్ల ప్రాయంలో తండ్రి పనిచేసే చోట ఆడుకుంటుండగా, తోలుకు రంధ్రాలు వేసే పనిముట్టు కంటికి గుచ్చుకున్నది. గాయం ముదిరి రెండవ కంటికీ సోకడంతో ఐదేళ్లకే చూపు పూర్తిగా పోయింది. తల్లిదండ్రులు నిరాశ చెందక గ్రామ పాఠశాలకు పంపారు. 1819లో పారిస్‌లోని అంధ బాలల విద్యాసంస్థలో చేరారు.

అక్కడి పుస్తకాలలో సాధారణ అక్షరాలనే ఉబ్బెత్తుగా ముద్రించేవారు. అవి బరువైనవి, చదువు నెమ్మదిగా సాగేది. విద్యార్థులు వ్రాయడానికి అనువైన మార్గం లేదు. 1821లో చార్లెస్ బార్బియర్ రూపొందించిన పన్నెండు చుక్కల పద్ధతి ఆ సంస్థకు పరిచయమైంది. అది వేలికొనకు ఒక్కసారిగా అందేది కాదు. అందులో వర్ణక్రమమూ లేదు. 1824 నాటికి, పదిహేనేళ్ల వయసులోనే, బ్రెయిలీ చుక్కలను ఆరుకు కుదించి 63 సంకేతాలు సాధించారు. 1829లో ఈ పద్ధతిని గ్రంథరూపంలో ప్రకటించారు. అదే సంస్థలో ఉపాధ్యాయులుగా పనిచేశారు.

చూపున్నవారు చదవలేని లిపి అంధులను సమాజానికి దూరం చేస్తుందన్న వాదనతో 1840 దశకంలో సంస్థ ఈ లిపిని కొంతకాలం నిషేధించినా, విద్యార్థులు దానిని విడిచిపెట్టలేదు. బ్రెయిలీ 1852 జనవరి 6న క్షయవ్యాధితో, 43 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఫ్రాన్సు ఈ లిపిని అధికారికంగా ఆమోదించినది ఆ తరువాత రెండేళ్లకు, 1854లో. 1952లో ఆయన అస్థికలను పారిస్‌లోని పాంథియన్‌కు తరలించి గౌరవించారు.

మన దేశంలో 1951లో భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా భారతి బ్రెయిలీ రూపొందింది. తెలుగు కూడా ఆ ఆరు చుక్కలలో ఒదిగింది. అచ్చులో ఒకే అక్షరమైన 'కి' బ్రెయిలీలో 'క', 'ఇ' అను రెండు గళ్లుగా ఉంటుంది. పలకపై కుడి నుండి ఎడమకు చుక్కలు గుచ్చి, కాగితం త్రిప్పి ఎడమ నుండి కుడికి చదవాలి. కావున బాలలకు ముందుగా స్పర్శజ్ఞానం అలవడాలి. చింతగింజలు, వేరుశనగకాయలు తడిమి వేరుచేయడం, వాటి పేర్లు చెప్పించడం ఇందుకు తోడ్పడతాయి.

మాట్లాడే ఫోన్లు, కంప్యూటర్లు నేడు ఎంతో ఉపకరిస్తున్నవి. అయినా పదంలోని వర్ణక్రమాన్ని వేలికి తెలియజేసేది బ్రెయిలీయే. అంధ బాలలకు అనువైన మాధ్యమంలో బోధన జరగాలని, 18 ఏళ్ల వరకు అర్హులైన దివ్యాంగ విద్యార్థులకు పుస్తకాలు, ఉపకరణాలు ఉచితంగా అందాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దేశిస్తున్నది.

తిరుపతి, చిత్తూరు జిల్లాలలో చూపు లోపంతో బడికి దూరమైన బాలలు ఎవరైనా దృష్టికి వస్తే, సమీప ప్రభుత్వ పాఠశాలకు గాని, భవిత కేంద్రానికి గాని, మండల విద్యాశాఖాధికారికి గాని తెలియజేయడం ఆ మహనీయునికి తగిన నివాళి కాగలదు.